కుట్టు దగ్గర గడ్డ... నెలనెలా సలుపు!

రెండో కాన్పు సిజేరియన్. పాపకి మూడో ఏడు నడుస్తోంది. కుట్టు ఎడమ కొసన చర్మం కింద చింతగింజంత గడ్డ చేతికి తగులుతుంటుంది. మామూలు రోజుల్లో దాని సంగతే గుర్తుండదు. రెండు రోజుల్లో నెలసరి వస్తుందనగా మొదలవుతుంది సలుపు. గడ్డ ఉబ్బుతుంది. చీర కుచ్చిళ్లు తగిలినా ప్రాణం విలవిల్లాడిపోతుంది. ఐదో రోజుకల్లా అంతా మామూలే. ‘కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయేమోనే అమ్మాయ్’ అంటారు అత్తగారు. ‘లోపల దారం ముక్క ఉండిపోయిందేమో’ అంటుంది పక్కింటావిడ. సెగగడ్డ అనుకుని వారం రోజులు యాంటీబయాటిక్స్ వాడితే తగ్గుతుంది కూడా. తగ్గింది మందులకు కాదు, నెలసరి అయిపోయినందుకు! ఆ ముక్క ఎవరికీ తట్టదు. పై నెల మళ్లీ కథ మొదటికే.

ఇలా నెలసరితో పాటే వచ్చిపోయే గడ్డను చూస్తే వైద్యులు ముందుగా అనుమానించాల్సింది ఎండోమెట్రియోసిస్‌ని. గర్భసంచి లోపల నెలనెలా పెరిగి, ఊడి, రక్తంతో పాటు బయటికి వచ్చేసే మెత్తని పొర ఒకటుంటుంది. అలాంటి కణజాలమే గర్భసంచి బయట ఎక్కడైనా నాటుకుంటే అదే ఈ జబ్బు. హార్మోన్లు పిలిచినప్పుడల్లా అదీ ఉబ్బుతుంది, రక్తం ఊరుతుంది. కానీ ఆ రక్తానికి బయటికి దారి లేదు. అందుకే వాపు, నొప్పి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఎండోమెట్రియోసిస్ ఉంటుంది. చాలామందిలో ఇది పొత్తికడుపులో అండాశయాలు, గర్భసంచి చుట్టుపక్కలే ఉండిపోతుంది. కొద్దిమందిలో మాత్రం ఆ సరిహద్దు దాటి కడుపు గోడకు, బొడ్డుకు, ఛాతీకి చేరుతుంది. అరుదు కాబట్టే డాక్టర్ల ఆలోచనకు కూడా త్వరగా రాదు.

సిజేరియన్ చేసేటప్పుడు ఆ కణాలు కొన్ని కోత అంచుల్లో చిక్కుకుని, అక్కడే వేళ్లూనుకుంటాయని నిపుణుల అభిప్రాయం. సిజేరియన్ అయిన వందమందిలో ఒక్కరికి కూడా ఇలా జరగదు. అయితే మన దగ్గర ఆ ‘వంద’ చాలా పెద్దది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో ఏకంగా 60.7 శాతం. అరుదైన జబ్బయినా ఇన్ని కోతల్లో ఎన్నో కొన్ని ఇళ్ల తలుపు తట్టకుండా ఉండదు.

అసలు కోతే లేకుండా బొడ్డులో రావడమూ ఉంది. బొడ్డు లోపల నల్లగానో నీలంగానో చిన్న కాయలా లేచి, నెలసరి రోజుల్లో రక్తం చెమ్మగిల్లుతుంది. 1886లో విలార్ అనే వైద్యుడు వర్ణించాడు కాబట్టి దాన్ని విలార్ నాడ్యూల్ అంటారు.

ఊపిరితిత్తుల్లోనూ...

అన్నిట్లోకీ నమ్మశక్యం కానిది ఛాతీ సంగతి. నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లోపు ఉన్నట్టుండి కుడివైపు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, అది ముడుచుకుపోయి కనిపిస్తుంది. గొట్టం వేసి గాలి తీసేస్తారు, ఇంటికి పంపుతారు. కొన్ని నెలలకు మళ్లీ అదే. 1958లోనే అమెరికా వైద్యులు దీన్ని వివరంగా రాశారు. దాదాపు ఎప్పుడూ కుడివైపే ఎందుకంటే, కడుపులోని ద్రవం కుడిపక్క నుంచి పైకి పారి కాలేయం మీదుగా డయాఫ్రమ్‌ను తాకుతుంది. దాంతోపాటు వెళ్లిన కణాలు అక్కడ నాటుకుని ఆ పలచటి కండరానికి చిల్లులు పెడతాయి. డయాఫ్రమ్ దగ్గర పుట్టిన నొప్పి భుజంలో తెలుస్తుంది. ‘కుడి భుజం పట్టేసింది’ అని నెలనెలా బామ్ రాసుకునే ఆవిడకు నెలసరికీ భుజానికీ సంబంధం ఉంటుందని ఎలా తడుతుంది?

ఊపిరితిత్తి లోపలే నాటుకుంటే నెలసరి రోజుల్లో దగ్గితే రక్తం పడుతుంది. మన దేశంలో దగ్గులో రక్తం అంటే మొదట గుర్తొచ్చేది క్షయ. గళ్ల పరీక్ష తప్పకుండా చేయించాల్సిందే, అందులో రెండో మాట లేదు. పరీక్షలో క్షయ తేలకపోయినా, రక్తం మాత్రం నెలకోసారే పడుతుంటే, ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి.

తేదీలు రాసి పెట్టుకోవాలి

ఇక్కడ ఖరీదైన స్కానింగుల కన్నా ముందు పనికొచ్చేది గోడమీది క్యాలెండరు. నెలసరి ఏ రోజు వచ్చింది, నొప్పి ఏ రోజు మొదలైంది, ఎప్పుడు పోయింది... మూడు నెలలు రాసి చూపిస్తే సగం రోగ నిర్ధారణ అయినట్టే. 2022 నాటి ఐరోపా మార్గదర్శకాలు కూడా నెలసరితో పాటు వచ్చే భుజం నొప్పి, దగ్గు, కుట్టు దగ్గర వాపు ఉంటే దీన్ని అనుమానించమనే చెబుతున్నాయి. సీఏ-125 అనే రక్త పరీక్షతో నిర్ధారించొద్దనీ అంటున్నాయి. ఆ పరీక్షలో అంకె కాస్త పెరగ్గానే క్యాన్సరేమోనని ఇల్లంతా ఏడ్చిన సందర్భాలు తక్కువేం కాదు.

కుట్టు దగ్గరి గడ్డకు అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్ఐ చాలు. ఛాతీకి సీటీ స్కాన్ నెలసరి రోజుల్లోనే తీయించుకోవడం మేలు. నెల మధ్యలో తీస్తే మచ్చ కనిపించక ‘అంతా బాగుంది’ అని రిపోర్టు రావచ్చు. ఆ కాగితం పట్టుకుని ‘నీదంతా అనుమానం’ అనేవాళ్లు ఇంట్లోనే తయారవుతారు.

కుట్టులో, బొడ్డులో వచ్చిన గడ్డకు ఆపరేషనే సరైన మార్గం. చుట్టూ ఒక సెంటీమీటరు దాకా మంచి కండతో సహా తీసేయాలి. అంచులు వదిలేస్తే మళ్లీ వస్తుంది. తీసిన ముక్కను బయాప్సీకి పంపితేనే జబ్బు పేరు ఖాయమవుతుంది. లోతుగా ఉంటే అక్కడ హెర్నియా రాకుండా జాలీ వేయాల్సి రావచ్చు. ఛాతీ విషయం అంత తేలిక కాదు. గైనకాలజిస్టు, ఛాతీ సర్జన్ కలిసి చూడాలి. కెమెరాతో లోపలికి వెళ్లి డయాఫ్రమ్ చిల్లులు మూసి, ఆ తర్వాత కూడా కొన్ని నెలలు హార్మోన్ మందులు ఇస్తారు.

డైనోజెస్ట్ మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, అండాశయాలకు విశ్రాంతినిచ్చే ఇంజెక్షన్లు నొప్పిని బాగానే అదుపులో పెడతాయి. కానీ ఆపేస్తే జబ్బు తిరిగి రావచ్చు. వాడినన్నాళ్లూ గర్భం కోసం ప్రయత్నించకూడదు. ఇంజెక్షన్లు ఎక్కువ కాలం వాడితే ఎముకలు పలచబడతాయి. అందుకే పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి.

‘గర్భసంచి తీయించేసుకుంటే పీడా విరగడైపోతుంది కదా’ అనే సలహా మాత్రం జాగ్రత్తగా వినాలి. దేశంలో ఆ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనవి ముందు వరసలో ఉన్నాయి. కుట్టులోనో, ఛాతీలోనో ఉన్న మచ్చకు రక్తం ఊరేలా చేసేది గర్భసంచి కాదు, అండాశయాలు. అవి ఉన్నంతకాలం గర్భసంచి పోయినా ఆ నొప్పి పోదు. పైగా అప్పటిదాకా ఆధారంగా ఉన్న నెలసరి తేదీ కూడా పోతుంది. గర్భసంచి తీయించుకున్నా నెలకోసారి కుట్టు సలుపుతూనే ఉంటే, ఆ తేదీలనే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లాలి.