చెమటకు చెదరని పొర: సన్‌స్క్రీన్, మేకప్‌లలోని పాలిమర్లు ఏం చేస్తాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు పట్టణంలో మరోదా ఒక నివాస ప్రాంతం. సోవియట్ యూనియన్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ కర్మాగారాన్ని నమ్ముకొని వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ పట్టణంలో స్థిరపడ్డాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం పూసుకున్న సన్‌స్క్రీన్ పది గంటలకే చెమటతో కళ్లలోకి కారుతుంది. పెళ్లికి పెట్టుకున్న కాటుక భోజనాల వేళకు చెదిరిపోతుంది.

అందుకే ‘చెమటకు చెదరదు’, ‘నీటిని తట్టుకుంటుంది’, ‘రోజంతా నిలుస్తుంది’ అన్న మాటలు కొనుగోలుదారులను ఆకర్షిస్తున్నాయి. ఈ మాటల వెనుక ఉన్నవి పొరను ఏర్పరచే కృత్రిమ పదార్థాలు. డబ్బా వెనుక చిన్న అక్షరాలలో కనిపించే వీటి పేర్లు చదివి, ముఖానికి ప్లాస్టిక్ పూసుకుంటున్నామా అని సందేహించేవారు ఉన్నారు. ఏ భయమూ లేకుండా, ఒకసారి పూస్తే రోజంతా రక్షణ ఉంటుందని నమ్మేవారూ ఉన్నారు. ఈ రెండింటిలోనూ సరిచేసుకోవలసినది ఉంది.

గంజి నుంచి పాలిమర్ వరకు

పొరను ఏర్పరచే పదార్థం తెలుగువారికి కొత్త కాదు. నూలు చీరకు గంజి పెడితే, నీరు ఆరిన తరువాత పిండి పదార్థం దారాల మీద పలుచని పొరగా మిగిలి బట్టను బిరుసుగా ఉంచుతుంది. కుంకుమ రాలిపోకుండా నుదుట ముందుగా మైనం అద్దే అలవాటు పాత తరానికి తెలుసు. నూనెతో, నెయ్యితో కలిపిన ఇంటి కాటుకకు అటువంటి ఆధారం లేదు కనుకనే అది సులువుగా పాకుతుంది.

నేటి ఉత్పత్తులలో గంజి పనిని పాలిమర్లు చేస్తున్నాయి. చిన్న అణువులు వేల సంఖ్యలో గొలుసుగా కలిస్తే పాలిమర్ అవుతుంది. ద్రావణంలో ఉన్నప్పుడు ఈ గొలుసులు విడివిడిగా తేలుతుంటాయి. చర్మం మీద నీరు లేదా ఆవిరయ్యే నూనె ఎగిరిపోగానే ఒకదానికొకటి దగ్గరై, పెనవేసుకొని, కంటికి కనిపించని పొరగా నిలుస్తాయి. పొర మరీ గట్టిదైతే ముఖం కదిలినప్పుడు పగులుతుంది. మరీ మెత్తనిదైతే జిగటగా ఉండి దుమ్మును పట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య సమతుల్యాన్ని సాధించడమే తయారీదారుల నైపుణ్యం.

వీటిలో పాతది పాలీవినైల్ పైరోలిడోన్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ రెప్పే కృషితో 1930ల చివర ఇది రూపొందింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రక్తంలోని ప్లాస్మాకు ప్రత్యామ్నాయంగా వాడారు. తరువాత జుట్టును నిలిపి ఉంచే స్ప్రేలలో చేరింది. గాయాలకు పూసే గోధుమరంగు పోవిడోన్ అయోడిన్ మందులో ఉన్నదీ ఇదే. దీనికొక లోపం ఉంది. గాలిలోని తేమను పీల్చుకొని జిగట పడుతుంది. అందుకే నీటిని ఇష్టపడని మరో అణువును గొలుసులో చేర్చి కోపాలిమర్లను తయారుచేశారు.

సన్‌స్క్రీన్‌లో దీని పాత్ర ఏమిటి?

చర్మం నునుపైన అద్దం కాదు. దాని మీద సూక్ష్మమైన గట్లూ గాళ్లూ ఉంటాయి. గరుకు గోడకు సున్నం వేసినప్పుడు గుంటలలో ఎక్కువగా, ఉబ్బుల మీద తక్కువగా అంటుకున్నట్టే, సన్‌స్క్రీన్ కూడా గాళ్లలోకి జారి గట్ల మీద పలుచబడుతుంది. అతినీలలోహిత కిరణాలు ఆ పలుచని చోట్ల నుంచే లోపలికి వెళతాయి. పొరను ఏర్పరచే పాలిమర్ కిరణాలను తానుగా అడ్డుకోదు. అడ్డుకునే పదార్థాలను చర్మమంతటా సమంగా పరచి, చెమటకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది.

మంగు మచ్చలు ఉన్నవారికి ఇది మరింత ముఖ్యం. కంటికి కనిపించే వెలుతురు కూడా చామనచాయ చర్మంలో మంగును పెంచగలదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్లు ఆ వెలుతురును కొంత ఆపుతాయి. ఆ రంగు చెదరకుండా సమంగా నిలిస్తేనే ప్రయోజనం దక్కుతుంది.

డబ్బా మీద ఏ పేర్లు కనిపిస్తాయి?

సన్‌స్క్రీన్లలో అక్రిలేట్స్ కోపాలిమర్, వీపీ హెక్సాడెసీన్ కోపాలిమర్, వీపీ ఐకోసీన్ కోపాలిమర్ వంటివి నీటిని తట్టుకునే గుణాన్ని ఇస్తాయి. కప్పుకు అంటని లిప్‌స్టిక్‌లలో ట్రైమిథైల్‌సిలాక్సీసిలికేట్ అనే సిలికోన్ రెసిన్ సాధారణం. గోళ్ల రంగులో ప్రధానమైనది నైట్రోసెల్యులోజ్. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం, ఒక శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువ వరుసలో లేబుల్ మీద ముద్రించాలి. ఒక శాతం లేదా అంతకు తక్కువ ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా ఇవ్వవచ్చు.

ఎంతసేపు నిలుస్తుంది?

పొర ఎంత గట్టిదైనా దానికి గడువు ఉంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2011లో ప్రకటించిన నిబంధనల ప్రకారం సన్‌స్క్రీన్ల మీద ‘వాటర్‌ప్రూఫ్’, ‘స్వెట్‌ప్రూఫ్’ అని రాయకూడదు. పరీక్షలో నెగ్గితే నీటిలో 40 నిమిషాలు లేదా 80 నిమిషాలు తట్టుకుంటుందని మాత్రమే రాయవచ్చు.

పరిమాణం మరొక అంశం. ఎస్‌పీఎఫ్ పరీక్షలో చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. ఎస్‌పీఎఫ్ 30 అంటే చర్మాన్ని కందించే కిరణాలలో సుమారు 97 శాతాన్ని ఆపుతుందన్న లెక్క అంత మందాన పూసినప్పటిదే. నిజజీవితంలో చాలామంది అందులో సగం కూడా పూయరు. ఆ మేరకు రక్షణ గణనీయంగా తగ్గుతుంది.

ఉక్కు పట్టణానికి వర్తించే మాట ఇంకొకటి ఉంది. కొలిమి నుంచి వచ్చే వేడి ప్రధానంగా పరారుణ వికిరణం. దానిని సన్‌స్క్రీన్ ఆపలేదు. వెల్డింగ్ వెలుగులో తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. ముఖకవచానికి, చేతి తొడుగులకు ఏ లేపనమూ ప్రత్యామ్నాయం కాదు.

చర్మానికి హాని ఉందా?

అణుభారం సుమారు 500 డాల్టన్లు దాటిన పదార్థం ఆరోగ్యకరమైన చర్మంలోకి చొరబడడం కష్టమని చర్మశాస్త్రంలో ఒక సాధారణ సూత్రం. ఈ పాలిమర్ల అణుభారం సాధారణంగా వేలలో, లక్షలలో ఉంటుంది. కనుక ఇవి రక్తంలో కలుస్తాయన్న భయానికి బలమైన ఆధారం లేదు.

అయితే గొలుసుగా మారక మిగిలిపోయిన చిన్న అణువులు కొందరికి అలర్జీ కలిగించగలవు. జెల్ గోళ్ల రంగులలోని అక్రిలేట్లు సరిగా గట్టిపడకముందే చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు రావచ్చు. గోళ్ల రంగులో వాడే టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ వల్ల కలిగే అలర్జీ తరచుగా వేళ్ల మీద కాక, ఆ వేళ్లు తాకే కనురెప్పల మీద, మెడ మీద బయటపడుతుంది. కారణం తెలియక కాటుకనో క్రీమునో అనుమానించేవారు ఉంటారు. ఇటువంటి దద్దుర్లు తగ్గకపోతే చర్మవైద్యుల వద్ద ప్యాచ్ పరీక్ష చేయించుకోవడం మేలు.

కడిగిన నీరు ఎక్కడికి?

ముఖం నుంచి తొలగిన పాలిమర్ మురుగునీటిలో చేరుతుంది. వీటిలో చాలావరకు సులువుగా కుళ్లిపోవు. ఐరోపా సమాఖ్య 2023లో సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులను ఉద్దేశపూర్వకంగా కలపడాన్ని నియంత్రిస్తూ నిబంధన తెచ్చింది. మేకప్‌కు, పెదవుల, గోళ్ల ఉత్పత్తులకు 2035 వరకు గడువు ఇచ్చింది. నీటిలో కరిగే పాలిమర్లు దాని పరిధిలోకి రావు. అంటే పేరులో ‘పాలి’ ఉన్న ప్రతిదీ సూక్ష్మ ప్లాస్టిక్ కాదు.

వాడేవారు గుర్తుంచుకోవలసినవి

సన్‌స్క్రీన్‌ను ఎండలోకి వెళ్లడానికి కనీసం 15 నిమిషాల ముందు పూసి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకముందే పైన పౌడరు రుద్దితే పొర చెదిరి ముద్దలు కడుతుంది. చెమటను తుడవవలసి వస్తే రుద్దకుండా బట్టతో అద్దుకోవాలి. ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి, బాగా చెమట పట్టిన తరువాత వెంటనే మళ్లీ పూసుకోవాలి. నీటికి లొంగని మేకప్‌ను రాత్రి నూనెతో లేదా నూనె కలిసిన క్లెన్సర్‌తో మెల్లగా కరిగించి, ఆ తరువాత ముఖం కడుక్కోవాలి. గట్టిగా రుద్దితే పొర కంటే ముందు చర్మమే నొచ్చుకుంటుంది.

మధ్యాహ్నపు ఎండలో తలకు కండువా, చేతిలో గొడుగు ఇచ్చే రక్షణకు గడువు లేదు. చెమటకు అవి కారిపోవు. పొర ఎంత మంచిదైనా వాటికి తోడుగా మాత్రమే పనికివస్తుంది.