సామాజిక మాధ్యమాలలో విదేశీ కొలువుల వల: విశాఖ యువతకు కంబోడియా ఉదంతం నేర్పిన పాఠాలు

విశాఖపట్నం (ప్రత్యేక వ్యాసం): ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం కలిగిన విశాఖపట్నం ఉత్తరాంధ్ర యువతకు దశాబ్దాలుగా ఉపాధి చూపుతున్న నగరం. ఇక్కడ ఐ.టి.ఐ., డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసినవారు గల్ఫ్ దేశాలకు, సింగపూరుకు వెళ్ళి పనిచేయడం కొత్త విషయం కాదు. పూర్వం విదేశీ ఉద్యోగాల సమాచారం బంధుమిత్రుల ద్వారానో, ఏజెంటు కార్యాలయం ద్వారానో తెలిసేది. నేడు అది సామాజిక మాధ్యమాల ద్వారా నేరుగా చేతిలోని ఫోనుకే చేరుతున్నది. ఈ సౌకర్యం వెనుక పొంచి ఉన్న ప్రమాదాన్ని 2024 మే నెలలో వెలుగుచూసిన కంబోడియా ఉదంతం స్పష్టం చేసింది.

ఉదంతం పూర్వాపరాలు: కంప్యూటరు పరిజ్ఞానం ఉన్నవారికి డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ సామాజిక మాధ్యమాలలో వెలువడిన ప్రకటనలను నమ్మి, ఒక్కొక్కరు లక్ష రూపాయలకు పైబడి ఏజెంట్లకు చెల్లించి, పర్యాటక వీసాలపై కంబోడియా చేరుకున్నారు. అక్కడ వారి పాస్‌పోర్టులను స్వాధీనం చేసుకున్న ముఠాలు, ఆన్‌లైన్ మోసాలకు పాల్పడవలసిందిగా వారిని నిర్బంధించాయి. నిరాకరించినవారిని చీకటి గదులలో ఉంచి, ఆహారం సైతం ఇవ్వకుండా హింసించినట్లు బాధితులు పోలీసులకు తెలిపారు. ఒక బాధితుని ఫిర్యాదుపై దర్యాప్తు చేపట్టిన విశాఖ నగర పోలీసులు ముగ్గురు ఏజెంట్లను అరెస్టు చేశారు. ఈ ప్రాంతం నుండి సుమారు 150 మంది యువకులను ఈ విధంగా పంపినట్లు పోలీసులు అంచనా వేశారు.

విశాఖ వలెనే సిహనూక్‌విల్ కూడ ఓడరేవు పట్టణమే. 2024 మే 20న అక్కడ నిర్బంధంలో ఉన్న సుమారు 300 మంది భారతీయులు తమను నిర్బంధించినవారిపై తిరగబడ్డారు. వారిలో పలువురు విశాఖ ప్రాంతానికి చెందినవారే. నామ్‌పెన్‌లోని భారత రాయబార కార్యాలయం చొరవతో 60 మంది తొలి విడతగా విముక్తి పొందారు. అదే నెలలో బాధితులు విశాఖకు చేరుకోవడం ప్రారంభమైంది.

ఈ సమస్య ఒక్క విశాఖకే పరిమితమైనది కాదు. ఆన్‌లైన్ మోసాలు చేయవలసిందిగా నిర్బంధించబడుతున్నవారు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఉండవచ్చునని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో వెల్లడించింది.

బాధితుడే సాధనం: ఈ నేరంలో సామాజిక మాధ్యమం రెండు పర్యాయాలు వినియోగమవుతున్నది. మొదట ఉద్యోగ ప్రకటన రూపంలో యువకుని ఆకర్షిస్తున్నది. తరువాత అదే యువకుని చేత నకిలీ ఖాతాలు తెరిపించి, కొరియరులో నిషిద్ధ వస్తువులు వచ్చాయనో, షేర్లలో అధిక లాభాలు వస్తాయనో చెప్పించి, స్వదేశంలోని వారినే మోసగింపజేస్తున్నది. భారతీయులను నమ్మించడానికి వారి భాష తెలిసినవారు కావాలి గనుకనే ముఠాలు మన యువతను కోరుకుంటున్నాయి. ఫోనులో తెలుగు మాటలు నమ్మి సొమ్ము పోగొట్టుకున్న వ్యక్తికి, ఆ మాటలు పలికిన యువకుడు కూడ నిర్బంధంలో ఉండవచ్చునన్న విషయం తెలియదు.

జల్లెడలో చిక్కని ప్రయాణం: విదేశాలకు వెళ్ళే కార్మికుల రక్షణకు 1983 నాటి వలసల చట్టం అమలులో ఉంది. అయితే దాని ప్రకారం ముందస్తు అనుమతి అవసరమయ్యేది ప్రధానంగా పదవ తరగతి పూర్తిచేయనివారికి, అదీ గల్ఫ్ దేశాలు సహా నిర్దేశిత 18 దేశాలకు ఉద్యోగ నిమిత్తం వెళ్ళేటప్పుడు మాత్రమే. ఈ జాబితాలో కంబోడియా లేదు. మోసపోయిన యువకులలో అధికులు చదువుకున్నవారు, వెళ్ళింది పర్యాటక వీసాపై. కనుక చదువురాని గల్ఫ్ కార్మికుని ఆపి ప్రశ్నించే వ్యవస్థ, చదువుకున్న ఈ యువకుని ఎక్కడా ప్రశ్నించలేదు. చదువు ఉన్నందున ప్రమాదం లేదన్న భావన సరికాదని ఈ ఉదంతం రుజువు చేసింది.

వర్తించే సెక్షన్లు: అనుమతి లేని ఏజెంట్లకు వలసల చట్టం 24వ సెక్షన్ క్రింద విధించగల శిక్ష గరిష్ఠంగా 2 సంవత్సరాల జైలు, 2,000 రూపాయల జరిమానా. మనుషుల అక్రమ రవాణా నేరానికి, బాధితులు ఒకరికి మించి ఉన్నప్పుడు, 10 సంవత్సరాల నుండి యావజ్జీవం వరకు శిక్ష విధించవచ్చు. పూర్వం భారత శిక్షాస్మృతి 370వ సెక్షన్‌లో ఉన్న ఈ నిబంధన 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌గా అమలులో ఉంది. ఇందులో బాధితుని సమ్మతికి ప్రాధాన్యం లేదు. “ఇష్టపడే వెళ్ళాడు కదా” అన్న వాదన ఏజెంటుకు రక్షణ కాజాలదు. కేసు నమోదు సమయంలోనే అధికారులు ఈ వ్యత్యాసాన్ని గుర్తించవలసి ఉంటుంది.

బయలుదేరే ముందు: మూడు విషయాలను ప్రతి కుటుంబం పరిశీలించుకోవాలి. ఏజెంటుకు విదేశాంగ మంత్రిత్వ శాఖ జారీచేసిన లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. లైసెన్సు సంఖ్యను ప్రకటనలో చూపడం ఏజెంటు బాధ్యత. సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి.కి మించరాదు. ఉద్యోగానికి వెళ్ళేవారికి పర్యాటక వీసా ఇప్పిస్తామంటే అక్కడే అనుమానించాలి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి గనుక దానిని తీసుకుని దాచుకునే హక్కు ఏ యజమానికీ లేదు. ఆన్‌లైన్ మోసాలకు గురైనవారు 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి.

తిరిగివచ్చిన యువకుడు ఈ ముఠాల పనితీరును ప్రత్యక్షంగా చూసిన సాక్షి. నిందితునిగా పరిగణిస్తారన్న భయంతో అతడు మౌనం వహిస్తే, ప్రకటనను పెట్టిన ఏజెంటు మరొక పేరుతో మరొక ప్రకటన పెట్టగలడు. కావున అధికారులు అతని వాంగ్మూలాన్ని బాధితుని వాంగ్మూలంగా స్వీకరించడం, పాత్రికేయులు అతని పేరు, ఊరు, ఫోటో ప్రచురించకుండా ఏజెంట్ల పద్ధతులనే ప్రజలకు వివరించడం ఎంతో అవసరం. ఇప్పటికీ విదేశాలలో నిర్బంధంలో ఉన్నవారి కుటుంబాలు ధైర్యంగా ముందుకు వచ్చి ఫిర్యాదు చేయడం దీనిపైనే ఆధారపడి ఉంది.