క్షేత్ర ప్రయోగాల దత్తాంశం: కాల శ్రేణి డేటాబేస్‌లో శ్రేణుల సంఖ్యను గణించడం

నేల తేమ సెన్సర్లు, స్వయంచాలక వాతావరణ కేంద్రాలు పరిశోధనా క్షేత్రాల్లోకి వచ్చిన తరువాత దత్తాంశ సేకరణ క్షేత్ర పుస్తకం నుంచి కాల శ్రేణి డేటాబేస్‌లకు విస్తరించింది. వీటిలో ఇన్‌ఫ్లక్స్‌డీబీ ఒకటి. దీని 1, 2 వెర్షన్లలో సర్వర్ జ్ఞాపకశక్తిపై అధిక భారం మోపేది రీడింగుల సంఖ్య కన్నా సిరీస్ కార్డినాలిటీ, అనగా విభిన్న శ్రేణుల సంఖ్య. విద్యార్థులు సెన్సర్లను అమర్చడానికి ముందే దీనిని లెక్కించుకోవడం అవసరం.

శ్రేణి అంటే ఏమిటి?

మెజర్‌మెంట్ పేరు, ట్యాగుల విలువలు, ఫీల్డు పేరు కలిసి ఏర్పడే ప్రతి ప్రత్యేక కూర్పు ఒక శ్రేణి. మడి, లోతు వంటి గుర్తింపు వివరాలు ట్యాగులు. కొలిచిన విలువలు ఫీల్డులు. ట్యాగులకు సూచిక తయారవుతుంది, ఫీల్డులకు తయారు కాదు. కొత్త ట్యాగు విలువ కొత్త కూర్పును సృష్టించిన ప్రతిసారీ సూచిక పెరుగుతుంది.

ఉదాహరణకు, మొక్కజొన్నలో 4 నీటి పారుదల స్థాయిలు, 3 నత్రజని మోతాదులు, 3 రెప్లికేషన్లతో స్ప్లిట్ ప్లాట్ ప్రయోగాన్ని తీసుకుందాం. మొత్తం 36 మడులు. ఒక్కో మడిలో రెండు లోతుల్లో సెన్సర్లు ఉంటే 72 సెన్సర్లు. ప్రతి సెన్సర్ తేమ, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకతలను కొలిస్తే శ్రేణులు 216. పదిహేను నిమిషాలకొక రీడింగు చొప్పున రోజుకు 20,736 విలువలు, 120 రోజులకు 24,88,320 విలువలు చేరుతాయి. అయినా శ్రేణులు 216గానే ఉంటాయి.

ట్యాగు విలువలన్నింటినీ గుణిస్తే (4×3×3×36×2×3) 7,776 వస్తుంది. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. మడి సంఖ్య తెలిస్తే దాని నీటి స్థాయి, నత్రజని మోతాదు, రెప్లికేషన్ నిర్ణయమైపోతాయి కనుక అవి అదనపు శ్రేణులను సృష్టించవు. ఒక కారకంలో ఇమిడి ఉన్న కారకానికీ, స్వతంత్ర కారకానికీ గణాంక విశ్లేషణలో మనం పాటించే భేదమే ఇక్కడా వర్తిస్తుంది.

సంఖ్య ఎక్కడ పెరుగుతుంది?

ప్రతి ప్రసారానికి మారే ప్యాకెట్ క్రమసంఖ్యను ట్యాగుగా నమోదు చేస్తే ప్రతి విలువా కొత్త శ్రేణి అవుతుంది. పంటకాలం ముగిసేసరికి 216కు బదులు 24,88,320 శ్రేణులు, ఒక్కో శ్రేణిలో ఒకే విలువ మిగులుతాయి. సెన్సర్ తయారీ సంఖ్యను ట్యాగు చేస్తే ప్రమాదం చిన్నదే గాని సూక్ష్మమైనది: పంట మధ్యలో 10 సెన్సర్లు మారిస్తే 30 కొత్త శ్రేణులు చేరి, ఒకే మడి తేమ రేఖ రెండు ముక్కలవుతుంది. ఈ రెండు వివరాలనూ ఫీల్డులుగా ఉంచడం మేలు. సెన్సర్ మార్చిన తేదీని క్షేత్ర పుస్తకంలో కూడా నమోదు చేయాలి. క్రమాంకన సవరణకు అది అవసరం.

గణించే విధానం

1వ వెర్షన్‌లో ‘షో సిరీస్ కార్డినాలిటీ’ ఆదేశం అంచనా సంఖ్యను, ‘షో సిరీస్ ఎగ్జాక్ట్ కార్డినాలిటీ’ కచ్చితమైన సంఖ్యను ఇస్తాయి. ఈ లెక్కలో ఫీల్డు పేర్లు చేరవు కనుక పై ప్రయోగానికి 72 రావాలి. అంచనాకు ఆధారం హైపర్‌లాగ్‌లాగ్ కుటుంబానికి చెందిన పద్ధతి. 2007లో ప్రతిపాదించిన మూల పద్ధతిలో సాపేక్ష ప్రమాణ దోషం, 1.04ను రిజిస్టర్ల సంఖ్య వర్గమూలంతో భాగించగా వచ్చే విలువకు దాదాపు సమానం. 2వ వెర్షన్‌లో ఫ్లక్స్ భాషలోని ‘కార్డినాలిటీ’ ఫంక్షన్‌ను వాడాలి. ఇక్కడ 216 రావాలి. ప్రారంభ సమయాన్ని మొదటి రీడింగుకు ముందుగా ఇవ్వకపోతే పాత శ్రేణులు లెక్కలోకి రావు.

సంఖ్య అంచనాను మించితే ట్యాగుల వారీగా విభిన్న విలువలను లెక్కించి కారణమైన ట్యాగును గుర్తించాలి. ఆ తరువాత దానిని ఫీల్డుగా మార్చి దత్తాంశాన్ని కొత్త డేటాబేస్‌లో తిరిగి రాయాలి. ట్యాగు తొలగిన పిమ్మట ఒకే సమయముద్ర గల రెండు రీడింగులు మిగిలితే చివరిది మొదటిదానిని చెరిపివేస్తుంది. కనుక రెండు చోట్లా రీడింగుల సంఖ్య సరిపోయిందని నిర్ధారించుకున్న తరువాతే పాతదానిని తొలగించాలి.

విత్తిన మొదటి వారంలో ఒకసారి, ఆపై నెలకొకసారి ఈ లెక్క చూసుకోవాలి. ప్రయోగ పటం మీద వేసిన లెక్కకూ డేటాబేస్ చూపే లెక్కకూ పొంతన ఉండాలి. ఒక పంటకాలపు రీడింగులు పోతే వాటిని తిరిగి పొందే మార్గం లేదు. ప్రయోగాన్ని మరుసటి సంవత్సరం మళ్లీ వేయవలసిందే.