రెండు ఫిడేళ్లు, ఒక పాత నోటుబుక్కు



పోయిన ఆదివారం వార్డెన్ మేడం గారు తన ఫోనులో వేల్స్ దేశపు సంగీతం వినిపించారు. వేల్స్ అంటే ఇంగ్లండుకు పడమర పక్కన ఉండే చిన్న దేశం. అంతా కొండలు. వాళ్లకు సొంత భాష ఉంది. మేం విన్నదాంట్లో మాటలు లేవు, రెండు ఫిడేళ్లే. ఒకరు పాట వాయిస్తుంటే ఇంకొకరు కింది తీగ మీద ఒకటే స్వరం పట్టుకొని ఉన్నారు. "మా కిక్రి లెక్కనే ఉంది!" అని అరిచాను. అందరూ నవ్విన్రు. నవ్వితే నవ్వండి, మూడు తీగల కిక్రిని కూడా విల్లుతోనే వాయిస్తారు.

వేల్స్‌లో ఫిడేలు కంటే ముందు క్రూత్ అనే వాద్యం ఉండేది. దానికి ఆరు తీగలు. ఫిడేలులో తీగల కింద నిలబెట్టే చెక్క వంపుగా ఉంటుంది, అందుకని విల్లుకు ఒకటో రెండో తీగలు తగులుతాయి. క్రూత్‌లో ఆ చెక్క దాదాపు చదునుగా ఉంటుంది. చాలా తీగలు ఒక్కసారే మోగుతాయి. ఒక్క ఫిడేలుతో అంత నిండుగా రాదు, ఇద్దరు కూడితే వస్తుందని నాకు అనిపించింది.

18వ శతాబ్దంలో అక్కడ మెథడిస్టు బోధకులు ఫిడేలు, డాన్సు పాపం అన్నారు. చాలామంది మానేశారు. ఏబ్రమ్ వుడ్ అనే ఆయన జిప్సీ కుటుంబం వాళ్లు మాత్రం వాయించడం విడవలేదు. ఇంకో మేలు ఏమంటే, 1752లో జాన్ థామస్ అనే ఫిడేలు ఆయన తన నోటుబుక్కులో 500కు పైగా వరసలు రాసుకున్నాడు. దాన్ని కాస్ మ్యూరిగ్ అనే ఫిడేలు కళాకారిణి సరిచూడగా 2004లో పుస్తకంగా అచ్చు వేశారు.

అయితే అట్లాంటి బుక్కుల్లో ఉండేది వట్టి వరస. ఎంత వేగంగా వాయించాలి, రెండో మనిషి ఏం చేయాలి అన్నది వాయించేటోళ్లే తేల్చుకోవాలి. డెలిత్ జెంకిన్స్ హార్ప్ మీద, ఆమె కూతురు అంగ్హారద్ ఫిడేలు మీద పాత వరసలను అట్లనే కొత్తగా వాయిస్తారు. ఇది పాతదాన్ని పాడు చేయడమని మా గదిలో ఒకమ్మాయి వాదించింది. నేను ఒప్పుకోను. వాయించకపోతే అది కాగితమే కదా!

మా ఊరికి వచ్చే పర్ధాన్ తాత కిక్రి మీద రాత్రంతా కథ చెబుతాడు. ఆయన వరసలు ఏ నోటుబుక్కులోనూ లేవు. కొడుకు ఆటో నడుపుతాడు, కిక్రి నేర్వలేదు. దీపావళి సెలవుల్లో తాత దగ్గర కూర్చుని రాసుకుందామని ఉంది. కానీ నాకు సరిగమలు రావు. మీలో ఎవరికైనా వస్తే చెప్పండి, ఇద్దరం కలిసి పోదాం.

– 9వ తరగతి విద్యార్థిని