బళ్ళారి రాఘవ: పాటను దాటిన నటన

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము 1882 వఱకు బళ్ళారి జిల్లాలోనివే యగుటచే, బళ్ళారి పేరునే ఇంటిపేరుగా ధరించి దేశాంతరఖ్యాతి గడించిన నటుడు రాఘవ ఈ సీమవారికి పరాయివాడు కాడు. ఆయన 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించెను. ‘ఆంధ్ర నాటక పితామహ’ బిరుదాంకితులైన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఆయనకు మేనమామ. మేనమామగారి సరసవినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు బళ్ళారిలో పోటాపోటీగా నాటకములాడుచుండిన కాలమున పెరిగిన రాఘవకు నటన నట్టింటి విద్య యయ్యెను.

నాటి ప్రేక్షకుడు నాటకమును చూచుటకంటె వినుటకే వచ్చెడివాడు. చచ్చిన పాత్రయైనను ‘వన్సుమోరు’ కేక వినబడగానే లేచి పద్యమును మఱల రాగము తీయవలసినదే. రాఘవ ఈ పరిపాటికి ఎదురునిలిచి, సంభాషణమునకును, ముఖమున పొడసూపు భావమునకును ప్రాధాన్య మిచ్చెను. వృత్తిచే ఆయన న్యాయవాది గనుక కూటికై నటింపవలసిన అగత్యము లేదు. కావుననే ఈలలకై తన పద్ధతిని మార్చుకొనవలసిన అగత్యమును లేకపోయెను. 1565 నాటి విజయనగర పతనమును కోలాచలమువారు నాటకముగా రచింపగా, అందు రాఘవ ధరించిన పఠాను రుస్తుము పాత్ర మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను.

తెలుగు, కన్నడము, హిందీ, ఆంగ్లము అను నాలుగు భాషలలోను ఆయన నటించెను. బెంగుళూరులోని నాటకసమాజమువారితోను ఆయనకు సాన్నిహిత్యముండెను. హిందీలో ఆయన ఆడిన ‘దీనబంధు కబీర్’ నాటకమును గాంధీమహాత్ముడు చూచి మెచ్చుకొనెను. 1928లో ఇంగ్లండునకు పోయి, బెర్నార్డు షా మహాశయుని కలసికొనెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి విద్యావతులను రంగమునకు తెచ్చెను. రాజమన్నారు రచించిన ‘తప్పెవరిది?’ అను సాంఘిక నాటకమున కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో నటించెను.

చలనచిత్రములలో ఆయన పాత్ర స్వల్పము. ‘ద్రౌపదీ మానసంరక్షణము’ (1936)న దుర్యోధనుడుగను, గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’ (1939)లో చిన్నకారు రైతుగను కనిపించి, ‘చండిక’ (1940)తో విరమించెను. 1946 ఏప్రిలు 16న ఆయన కీర్తిశేషు డయ్యెను. వీరేశలింగము పంతులుగారి జన్మదినమైన ఆ తేదీయే నేడు తెలుగు నాటకరంగ దినోత్సవము. రాగము తీయకయే పాత్రను నిలుపవచ్చునని నేడెవ్వడును వాదింపనక్కరలేదు. ఆ వాదమును పద్యమునకై చెవులు కోసికొను జనము నెదుట నిలిచి నెగ్గించినవాడు రాఘవ.