గ్రీకుల మార్చి 25

పంచాంగమునందలి దినములన్నియు సమానములే. ఒక దినమునకు మహిమ కలిగించునది ప్రజల సంకల్పమని మా యభిప్రాయము. గ్రీకులు జాతీయోత్సవముగ జరుపుకొను మార్చి 25 ఇందుకు చక్కని నిదర్శనము.

1821వ సంవత్సరమున ఆ దినము పాత్రాసు బిషప్పగు గెర్మనోసు, అగియా లావ్రా మఠమున విప్లవ పతాకము నెత్తి యోధుల నాశీర్వదించెనని గ్రీసుదేశమున ప్రసిద్ధి. చరిత్రకారు లీ కథను యథాతథముగ నంగీకరింపరు. పెలొపొనీససు ద్వీపకల్పమున పోరాట మంతకుముందే యారంభమైనది. కలమాటా పట్టణము మార్చి 23వ తేదీనే తిరుగుబాటుదారుల వశమయ్యెను. పైగా నిది పాత జూలియను పంచాంగపు లెక్క. నేటి లెక్కకు మార్చి 25 కాదు, ఏప్రిలు 6 అగును. అయినను జాతి యా దినమునే యేల వరించినది? కన్య మరియకు దేవదూత శుభవార్త నెఱిగించినట్లు క్రైస్తవులు తలచు పండుగ యది. దాదాపు నాలుగు శతాబ్దములు ఒట్టోమాను సామ్రాజ్యమునకు లోబడియున్న ప్రజలు తమ విముక్తివార్తను ఆ శుభవార్తతో జోడించుకొనుటలో వింత యేమున్నది?

విముక్తి సులభముగ రాలేదు. 1822లో ఖియోసు ద్వీపమున వేలకొలది జనులు వధింపబడిరి. 1826లో మిస్సొలొంగీ పట్టణము దీర్ఘమైన ముట్టడికి లొంగిపోయెను. 1827 అక్టోబరు 20న నవరినోవద్ద బ్రిటిషు, ఫ్రెంచి, రష్యా నౌకాదళములు ఒట్టోమాను, ఈజిప్టు నౌకలను ధ్వంసము చేసినవి. 1830లో గ్రీసు స్వాతంత్ర్యము గుర్తింపబడినది. కాని పరుల సహాయము ఉచితముగ లభించునది కాదు. ఆ మూడు రాజ్యములే 1832లో, ఇరువది యేండ్లైనను నిండని బవేరియా రాకుమారుడు ఒట్టోను గ్రీకుల సింహాసనమున నిలిపినవి.

1838లో మార్చి 25ను జాతీయోత్సవ దినముగ శాసించినవా డీ ఒట్టోయే. ఉత్సవము నొసగిన రాజు రాజ్యాంగము నొసగలేదు. 1843 సెప్టెంబరు 3న ఏథెన్సులో సైనికులును, పౌరులును రాజభవనము నెదుట నిలిచి యడిగిన పిమ్మటనే యాతడు తలయొగ్గెను. ఆ ప్రదేశము నేటికిని ‘సింటాగ్మా’, అనగా రాజ్యాంగము, అను పేరనే పరగుచున్నది.

1923లో గ్రీసు క్రొత్త పంచాంగమును స్వీకరించెను. మరుసటి సంవత్సరము, 1924 మార్చి 25న, పపనాస్తాసియూ ప్రధానిగ నుండగా జాతీయసభ రాజవంశమును తొలగించి గణరాజ్యమును ప్రకటించెను. ఏప్రిలు 13న ప్రజలు తమ యోట్లతో దానిని ధ్రువపఱచిరి. సూర్యుని గతినిబట్టి చూచిన 1821 నాటి దినమును, 1924 నాటి దినమును ఒకటి కావు. ప్రజల మనస్సున మాత్ర మవి యొకటే. మొదటిదాన పరప్రభుత్వముపై తిరుగుబాటు; రెండవదాన, తమకు పైనుండి లభించిన రాజరికమునకు వీడ్కోలు.

ఈ రెండవ విజయమును నిలువలేదు. 1935లో రాజరికము మరల వచ్చినది. 1974లో ప్రజాభిప్రాయమువలననే యది తుదకు తొలగినది. స్వాతంత్ర్యమునకు ఒక్క దినమును కేటాయించి పతాకము నెగురవేయుట ఏ జాతికైనను సులభమే. పరులు తొలగిన పిమ్మట అధికార మెవరి చేతికి వచ్చినదని ఏటేట ఆ దినమున ప్రశ్నించుకొనుట కష్టము. గ్రీకులకు ఆ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూటయేబదిమూడు సంవత్సరములు పట్టినవి. ఉత్సవములు జరుపుకొను జాతులన్నియు ఈ లెక్కను మనస్సున నుంచుకొనుట మేలని మేము విన్నవించుచున్నాము.