కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించాక కంప్యూటర్ ఆగిపోతోందా?



పాత కంప్యూటర్ నెమ్మదించిందని చాలా ఇళ్లలో ఎస్‌ఎస్‌డీ వేయిస్తున్నారు. రెండు రోజులు బాగానే పరిగెడుతుంది. తర్వాత ఒక రాత్రి, తెల్లారితే ఇవ్వాల్సిన ప్రాజెక్టు మధ్యలో నీలం తెర (కొత్త విండోస్ 11లో నల్ల తెర) వచ్చి ఆగిపోతుంది.

వెంటనే ఫార్మాట్ చేయించకండి. ముందు పిల్లల ఫైళ్లు, ఇంటి ఫోటోలు వేరే డిస్కులోకి కాపీ చేయండి. ఎస్‌ఎస్‌డీలో చెరిగిపోయిన ఫైళ్లను ‘ట్రిమ్’ అనే ఏర్పాటు త్వరగా తుడిచేస్తుంది. హార్డ్‌డిస్కులోలా తిరిగి రాబట్టడం చాలాసార్లు కుదరదు. మన పక్కనే ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదుల్లో షూటింగ్ ఫుటేజీని ఒకే డిస్కు మీద నమ్మి వదలరు. పదో తరగతి ప్రాజెక్టుకూ ఆ మాత్రం జాగ్రత్త కావాలి కదా!

తప్పు కొత్త డిస్కుదేనా? ప్రతిసారీ కాదు. క్యాబినెట్ తెరిచినప్పుడు చెయ్యి తగిలి ర్యామ్ కాస్త కదిలినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసేసి, ర్యామ్‌ను, డిస్కు కేబుళ్లను ఒకసారి తీసి గట్టిగా పెట్టించండి. ఆ తర్వాత విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి. పాత డిస్కు పనిచేస్తూ ఉంటే, కొత్తది తీసేసి పాతదానితో ఒకరోజు వాడి చూడండి. అప్పుడూ ఆగిపోతే కారణం ర్యామో, పవర్ సప్లయో, మరొకటో అయి ఉంటుంది. ఆగకపోతే కొత్త డిస్కు, దాని కేబుల్, దాని సెట్టింగుల వైపు చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్కు ఆరోగ్యం, వేడి చూపిస్తుంది. తయారీ కంపెనీ సైటులో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో కూడా చూడండి.

ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ కనిపిస్తే కంగారు వద్దు. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

బయోస్ జోలికి వెళ్లే ముందు బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది అడిగినప్పుడు మీ దగ్గర లేకపోతే ఫైళ్లన్నీ తాళం వెనకే ఉండిపోతాయి. ఏ మార్పయినా ఒక్కొక్కటే చేయండి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

చివరికి సికింద్రాబాద్ సీటీసీకి తీసుకెళ్లాల్సి వస్తే, ఆగిన తెర మీది కోడ్‌ను ఫోటో తీసి, డిస్కు బిల్లుతో పాటు పట్టుకెళ్లండి. పాత డిస్కును మాత్రం ఒక నెల చెరపకుండా ఇంట్లోనే ఉంచండి.